పెళ్ళిలో వాయిస్తే బ్యాండ్ అసలుతనం పోతుందా?

ప్రశ్న: మేం ఐదుగురం, గాజువాక, కూర్మన్నపాలెం వైపు కుర్రాళ్ళం. మూడేళ్ళుగా ఒక రాక్ బ్యాండ్ నడుపుతున్నాం. బీచ్ రోడ్డు కేఫ్‌లలో, కాలేజీ ఫెస్టుల్లో వాయిస్తుంటాం. ఎక్కువగా ఇంగ్లిష్ పాటలు, కొన్ని సినిమా పాటలు. సొంతంగా తెలుగులో నాలుగు పాటలు చేసుకున్నాం, రికార్డింగులు పంపుతున్నాను. ఈమధ్య ఒక ప్రోగ్రాం అయ్యాక ఒక పెద్దాయన వచ్చి, "మీది అంతా అమెరికా కాపీ బాబూ. రాక్ అంటే కడుపు మండినవాడి సంగీతం. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో పెరిగిన మీకు అదేం తెలుస్తుంది?" అన్నారు. అప్పట్నుంచి మనసు బాగోలేదు. ఇంతలో ఒక పెళ్ళి రిసెప్షన్‌కి పిలుపు వచ్చింది. డబ్బు బాగానే ఇస్తామన్నారు. కానీ అందరం ఒకే రకం షేర్వానీలు వేసుకోవాలట. కొన్ని పాటలకు ట్రాక్ పెడతారట, మేం వాయిస్తున్నట్టు నిలబడితే చాలట. వెళ్తే అమ్ముడుపోయినట్టే అంటాడు మా బేసిస్టు. వెళ్దాం, కొత్త ఆంప్ కొనుక్కోవచ్చు అంటాడు డ్రమ్మర్. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అసలైన బ్యాండ్ అనిపించుకోవాలంటే ఏం చేయాలండీ?
(పేరు రాయొద్దన్న పాఠకుడు, గాజువాక)

సమాధానం: మీ నాలుగు పాటలూ విన్నాను. మూడోది చాలాసార్లు విన్నాను, దాని సంగతి కాసేపట్లో చెప్తాను. మీరు పెళ్ళి గురించే ఎక్కువ అడిగారు గానీ, మిమ్మల్ని నిజంగా కుదిపేసింది ఆ పెద్దాయన మాటని ఉత్తరం చదివితే అర్థమవుతోంది. అందుకని ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. అమెరికాలో నల్లజాతివాళ్ళ బ్లూస్ సంగీతం లేకపోతే రాక్ పుట్టేదే కాదు. ఆ బ్లూస్ వెనక పత్తిచేలలో కూలి బతుకులున్నాయి, వివక్ష ఉంది. గిటారు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఈ రుణం తెలుసుకుని తీరాలి. కానీ అక్కణ్ణుంచి "కష్టాల్లో పుట్టనివాడు రాక్ వాయించకూడదు" అనే దాకా వెళ్తే చరిత్ర ఒప్పుకోదు. 1970ల చివర్లో లండన్ వీధికుర్రాళ్ళ కోపానికి గొంతుగా నిలిచిన బ్యాండ్ ది క్లాష్. దాని గాయకుడు జో స్ట్రమ్మర్ దౌత్యాధికారి కొడుకు, బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నవాడు. రోలింగ్ స్టోన్స్ మిక్ జాగర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరి, చదువు మధ్యలో వదిలేసి పాటలోకి వచ్చాడు. లూసియానా చిత్తడి నేలల వాసన పట్టి ఇచ్చినట్టుండే పాటలు రాసిన జాన్ ఫోగర్టీది కాలిఫోర్నియా. అతని బ్యాండ్ క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్‌లో నలుగురూ ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళే. చూసిందో, చదివిందో, ఊహించుకున్నదో, ఏదైతేనేం, వాళ్ళు పట్టించుకుని రాశారు, ఒళ్ళు దాచుకోకుండా వాయించారు. వినేవాడికి చేరేది అదే. తండ్రి జీతం ఎంతో పాటలో వినబడదు.

క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళకి చెప్పడానికి ఏమీ ఉండదన్న మాటకి మీ మూడో పాటే జవాబు. నాన్నగారు సీ షిఫ్టుకి బయల్దేరే పాట. అందులో రెండు చరణాల దాకా మామూలుగానే ఉంటుంది. తర్వాత గిటార్లు రెండూ ఆగిపోయి, బేస్ ఒక్కటే నడుస్తుండగా మీరు "బస్సెలిపోనాది, క్యారేజీ గూట్లోనే ఉండిపోనాది" అంటారు. పాడినట్టు కూడా ఉండదు, అమ్మ వంటింట్లోంచి చెప్తున్నట్టుంటుంది. రాత్రి పది గంటల డ్యూటీకి మనిషి తిండి మర్చిపోయి వెళ్ళాడు, తెల్లారి ఆరింటికి గానీ తిరిగి రాడు. ఉక్కునగరంలో పెరిగినవాళ్ళెవరైనా ఆ లైను దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. మీ డ్రమ్మర్ అక్కడ వెంటనే అందుకోకుండా ఒక ఆవర్తం ఊరుకున్నాడు చూశారా, ఆ ఊరుకోవడం ఎవరూ నేర్పేది కాదు. ఆ పాటని మీరు ఐదుగురూ తప్ప ఇంకెవరు చేసినా వేరేగా ఉండేది. అసలైన బ్యాండ్ ఎలా ఉంటుందని మీరు అడిగారు కదా. నా దృష్టిలో మీరు ఆ పాటలో అసలైన బ్యాండే.

రెండో పాటలో కాదు. ఇది కటువుగా అనిపిస్తుంది, అయినా చెప్పాలి. అది ప్రేమపాట, ట్యూను బాగుంది. కానీ ఆ ట్యూను ఇంగ్లిష్ మాటలు నోట్లో పెట్టుకుని కట్టింది. తర్వాత తెలుగు మాటలు తెచ్చి అందులో ఇరికించారు. ఇంగ్లిష్ పాట ఒత్తు మీద, అంటే మాటలో గట్టిగా నొక్కి పలికే భాగం మీద నడుస్తుంది. ఒత్తు పడ్డ చోట స్వరాన్ని ఎంత సాగదీసినా మాట చెడదు. తెలుగు పాట గురువు లఘువుల మీద నడుస్తుంది. పొట్టి అచ్చు మీద ట్యూను సాగితే మాట మారిపోతుంది. మీరు "కల" అనే చోట నాకు రెండుసార్లు "కాలా" అని వినబడింది. "పలికే" అన్నది "పాలికే" అయింది. పైగా "రాత్రి" అన్నప్పుడు నాలుక వెనక్కి మడిచి అమెరికా రకారం పలికారు. మూడో పాటలో అమ్మ మాట పలికిన నోరు అది, రెండో పాటలో వేరే ఎవరి నోరో పెట్టుకుంది. కాపీ అని ఆ పెద్దాయనకి అనిపించింది బహుశా ఇలాంటి చోటే. కారణం మాత్రం ఆయన చెప్పింది కాదు. మీరు ఎక్కడ పెరిగారన్నది దీనికి అడ్డం కాదు, మాటకి తగ్గట్టు ట్యూను కట్టకపోవడమే అడ్డం.

దీనికి చేయాల్సింది ఒకటి చెప్తాను. గిటార్లు పక్కన పెట్టి, డ్రమ్మర్‌ని మెల్లగా తాళం మాత్రం వేయమనండి. మీరు ఆ మాటల్ని పాడకుండా, స్నేహితుడితో చెప్తున్నట్టు చెప్పండి. మాట ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. దీర్ఘం ఉన్న చోటే ట్యూను సాగేలా మళ్ళీ కట్టండి. ట్యూను మరీ ఇష్టమైతే మాటలు మార్చండి, దీర్ఘాలున్న మాటలకి తెలుగులో కరువు లేదు. బెంగాలీలో 1970ల మధ్యలో కలకత్తా కుర్రాళ్ళు మొహీనేర్ ఘోడాగులి అనే బ్యాండ్ పెట్టి ఈ పనే చేశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, ఇరవై ఏళ్ళ తర్వాత బెంగాల్ మొత్తం వాళ్ళని వెతుక్కుంది. మలయాళంలో అవియల్ బ్యాండ్ 2008లో ఆల్బం తెచ్చింది. గిటారు, డ్రమ్స్ అన్నీ రాక్‌వే, మాట మాత్రం పూర్తిగా కేరళది. తెలుగులో ఈ పని ఇంకా చాలా మిగిలి ఉంది. సినిమా పాట మన దగ్గర అంత బలంగా ఉండటం వల్ల బ్యాండ్లకి ఆ అవసరం తొందరగా రాలేదని నా అభిప్రాయం. మీలాంటివాళ్ళు విశాఖలో పూనుకుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

వాయిద్యాలు విదేశీవి అన్న బెంగ మీకుంటే అదీ వదిలేయండి. మనకి ఇంత దగ్గర్లో విజయనగరం ఉంది. అక్కడి మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు, 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. వయొలిన్ ఐరోపాది. రెండువందల ఏళ్ళ కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. మనవాళ్ళు దాన్ని నిలబడి వాయించడం మానేసి కింద కూర్చున్నారు, కొసని పాదం మీద ఆనించారు, తీగల శ్రుతి మార్చేశారు. గమకం పలకాలంటే చెయ్యి స్వేచ్ఛగా జారాలి, దానికోసం పట్టుకునే తీరే మారింది. ఇవాళ నాయుడు గారి వయొలిన్ విని అది పరాయిదని ఎవరంటారు? మీ గిటారు కూడా అలాగే. మీ పాటకి ఏది కావాలో అది దాని చేత పలికించండి, అవసరమైతే తీగల శ్రుతి మార్చండి.

ఇతరుల పాటలు వాయిస్తే కాపీ అవుతామేమో అన్న భయం మీ ఉత్తరం నిండా ఉంది. బీటిల్స్ 1960 నుంచి 62 దాకా జర్మనీలో హాంబర్గ్ నైట్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి వాయించింది ఎక్కువగా ఇతరుల పాటలే. 1963లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బంలో 14 పాటలుంటే అందులో 6 వేరేవాళ్ళవి. రోలింగ్ స్టోన్స్ మొదటి ఆల్బం దాదాపు మొత్తం అమెరికన్ బ్లూస్, రిథమ్ అండ్ బ్లూస్ పాటలే. ఒకరి చెయ్యి ఒకరికి తెలిసేది అలా వాయించి వాయించే. సొంత పాట లేకపోతే పరువు లేదనుకుని, పట్టుమని పదిమంది ముందు కలిసి వాయించకుండానే ఆల్బం విడుదల చేసే బ్యాండ్లున్నాయి. వాటికన్నా కేఫ్‌లో మూడేళ్ళు ఇతరుల పాటలు వాయించిన మీరే నాకు నమ్మకంగా కనిపిస్తారు.

ఒక్కటే షరతు, ఎవరి పాటో చెప్పండి. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం విని పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. పాట వేసేముందు చిత్రం, రచన, సంగీతం, పాడినవారు అని వరసగా చదివేవారు. ఆర్కెస్ట్రావాళ్ళు కూడా స్టేజీ మీద ఆ పద్ధతి పాటించేవారు. వినేవాడికి ఆ పాట వాయిస్తున్నవాళ్ళది కాదని తెలిసేది, వాయించినందుకు చప్పట్లు మాత్రం తగ్గేవి కావు. ఇప్పటి బ్యాండ్లలో ఈ మర్యాద పోయింది. మీరు మళ్ళీ మొదలుపెట్టండి.

ఇదే మాట మీ నాలుగో పాట గురించి కాస్త గట్టిగా చెప్పాలి. అందులో తప్పెటగుళ్ళ చప్పుడు వాడారు. విన్నంతలో అది ఎక్కడో దొరికిన లూప్ అనిపించింది, మొదటినుంచి చివరిదాకా ఒకేలా తిరుగుతోంది. తప్పెటగుళ్ళు ఎవరైనా దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. రేకు తప్పెట గుండెకి కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, కాలి గజ్జెలతో గంతులేస్తూ, పాట అందుకుంటూ ఉంటారు. గంతు పెరిగితే దరువూ పెరుగుతుంది. వాయించేవాడి ఊపిరి అందులో ఉంటుంది. ఆ ఊపిరి తీసేసి చప్పుడొక్కటే తెచ్చి, పోస్టర్ మీద "ఉత్తరాంధ్ర రాక్" అని రాసుకుంటే, ఇంగ్లిష్ రకారం కన్నా ఇదే పెద్ద నకిలీ అవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో యాదవుల జట్లు ఇంకా ఉన్నాయి. ఒక జట్టు దగ్గరికి మీ డ్రమ్మర్‌ని తీసుకెళ్ళండి. వాళ్ళతో కూర్చుని వాయించండి, రికార్డింగ్‌కి పిలవండి, మీరు తీసుకునేంత డబ్బు వాళ్ళకీ ఇవ్వండి, పాట కింద వాళ్ళ పేర్లు రాయండి. "జానపదం" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవద్దు. వంగపండు ప్రసాదరావు గారు మనకి నిన్న మొన్నటి దాకా ఉన్నారు, 2020లో పోయారు. ఆయన రాసి కట్టిన పాటల్ని కూడా పేరు చెప్పకుండా జానపదం అనేసేవాళ్ళున్నారు. నాకు అది విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఈ జబ్బు పెద్దవాళ్ళకీ ఉండేది. లెడ్ జెప్లిన్ 1969లో తెచ్చిన ఒక పెద్ద హిట్ పాటలో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ మాటలు ఉన్నాయి, ఆయన పేరు మాత్రం లేదు. ఆయన 1985లో కోర్టుకి వెళ్ళాడు, రాజీ కుదిరాక ఆ పాట మీద ఆయన పేరూ చేరింది. అంత గొప్పగా వాయించగలిగినవాళ్ళకి ఆ పేరు మొదట్లోనే రాస్తే పోయేదేముంది?

ఇక పెళ్ళి.

వెళ్ళండి. డబ్బు తీసుకుని వాయిస్తే అమ్ముడుపోయినట్టు కాదు. సన్నాయి, డోలు వాయించే విద్వాంసులు మన పెళ్ళిళ్ళ మీదే బతికారు, వాళ్ళ కళ నకిలీదని ఎవరూ అనలేదు. షేర్వానీల గురించి మీ బేసిస్టుకి చెప్పండి, బీటిల్స్ హాంబర్గ్‌లో తోలు జాకెట్లు వేసుకునేవాళ్ళు, 1962లో మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ చెప్పాడని నలుగురూ ఒకే రకం సూట్లలోకి మారారు. ఆ సూట్లలో వాయించింది వాళ్ళే. బట్టల దగ్గర పట్టుబట్టి ఓపిక ఖర్చు చేసుకోవద్దు.

పట్టుబట్టాల్సింది ట్రాక్ దగ్గర. "వాయిస్తున్నట్టు నిలబడితే చాలు" అన్నారు చూడండి, దానికి మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. మన ఇళ్ళలో బోనీ ఎం అనే విదేశీ డిస్కో బృందం క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నవాళ్ళున్నారు. ఆ రికార్డుల్లో వినిపించే బొంగురు మగ గొంతు స్టేజీ మీద గంతులేసిన బాబీ ఫారెల్‌ది కాదు, నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. అదే ఫారియన్ తర్వాత మిలీ వనిలీ అనే జంటని తయారుచేశాడు. వాళ్ళకి 1990 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డు వచ్చింది, ఆల్బంలో పాడింది వాళ్ళు కాదని బయటపడ్డాక నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకడైన రాబ్ పిలాటస్ ఆ అవమానం నుంచి మళ్ళీ తేరుకోలేదు. చేయించినవాడి కన్నా పెదాలు కదిపినవాళ్ళనే లోకం ఎక్కువ తిట్టింది. రేపు మీ విషయంలోనూ అంతే, ఈవెంట్ చేసినవాళ్ళ పేరు ఎవరికీ గుర్తుండదు.

అలాగని ట్రాక్ అనేదే పాపం కాదు. క్వీన్ సంగతి చూడండి. పంచ్‌గనిలో చదువుకున్న మన పార్సీ కుర్రాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పాడిన బ్యాండ్. వాళ్ళ 1975 నాటి ప్రసిద్ధమైన పాటలో మధ్యన ఒపెరా భాగం ఉంటుంది. స్టూడియోలో గొంతు మీద గొంతు పేర్చి చేసింది, నలుగురు స్టేజీ మీద పాడటం అయ్యే పని కాదు. కచేరీల్లో ఏం చేసేవాళ్ళంటే, ఆ భాగం వచ్చేసరికి స్టేజీ దిగి వెళ్ళిపోయేవాళ్ళు. టేపు నడిచేది. రాక్ భాగం మొదలవగానే వచ్చి వాయించేవాళ్ళు. పెదాలు కదపలేదు, పాడినట్టు నటించలేదు. జనం ఆ టేపుకీ ఊగిపోయారు. వాళ్ళే మొదట్లో ఆల్బం అట్టల మీద "సింథసైజర్లు వాడలేదు" అని గర్వంగా అచ్చేసుకున్నారు, 1980కి వచ్చేసరికి వాడారు. ఎవరూ మోసం అనలేదు, ఎందుకంటే దాచలేదు. కాబట్టి పెళ్ళివాళ్ళు అడిగిన పాటలో వయొలిన్లు, కోరస్ కావాలంటే అవి ట్రాక్‌లో రానివ్వండి. మీ గొంతు, మీ గిటార్లు, డ్రమ్స్ మాత్రం అక్కడికక్కడ మోగాలి. ఈ మాట ముందే, అడ్వాన్స్ తీసుకోకముందే, ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లో రాసి పంపండి. వాళ్ళు అడిగిన పాటల్లో మీకు రానివి ఏవో కూడా రాయండి. మధ్యలో మీ సొంత పాట ఒకటి వాయించుకుంటామని అడగండి. అన్నం వడ్డించే వేళ ఒప్పుకుంటారు, అప్పుడు జనం తక్కువ శ్రద్ధగా వింటారు గానీ మీకు పెద్ద స్పీకర్ల మీద మీ పాట ఎలా ఉందో తెలుస్తుంది.

మీరు అడక్కపోయినా ఇంకొక్క మాట. మొదటి పాటలో పై స్థాయి స్వరాలు మరీ నున్నగా ఉన్నాయి, శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ గట్టిగానే పడింది. తప్పేం లేదు, అందరూ వాడుతున్నారు. కానీ ఆ స్వరం పెళ్ళి స్టేజీ మీద మీ గొంతులో పలకదు. ఒకటిన్నర శ్రుతిలో ఉన్నదాన్ని ఒకటికి దించి పాడి చూడండి. గొంతు నిండుగా వస్తుంది.

బేసిస్టుతో గొడవ గురించి మీరు రెండు ముక్కల్లో రాసి వదిలేశారు, నాకు అది చిన్న విషయంగా అనిపించలేదు. ది మంకీస్ అని ఒక బ్యాండ్ ఉండేది. 1966లో అమెరికాలో ఒక టీవీ సీరియల్ కోసం నలుగురిని ఏరి తెచ్చి బ్యాండ్ అన్నారు. మొదటి రెండు ఆల్బంలలో వాయిద్యాలు చాలావరకు స్టూడియో కళాకారులవే. పుట్టుకలోనే నకిలీ అనిపించే బ్యాండ్ అది. కానీ ఆ నలుగురూ ఒక్కమాట మీద నిలబడి నిర్మాతలతో పోట్లాడి, 1967లో మూడో ఆల్బం చాలావరకు తామే వాయించి తెచ్చారు. అది అమెరికాలో నంబర్ వన్ అయింది. వాయించడంలో పెద్ద గొప్పలేమీ లేవు, వింటే తెలుస్తుంది. అయినా అది వాళ్ళది. ఎవరో కూర్చిన నలుగురు బ్యాండ్ అయింది అక్కడే. మీ బేసిస్టు "వద్దు" అంటున్నాడంటే అతనికి మీ బ్యాండ్ మీద పట్టింపు ఉంది. మీ మూడో పాటని ఆ లైను దగ్గర ఒంటరిగా మోస్తున్నదీ అతనే. నలుగురూ ఒకవైపు చేరి అతణ్ణి ఒప్పించే ప్రయత్నం చేయకండి. అతని అభ్యంతరం దేనికో అడగండి. షేర్వానీకా, సినిమా పాటలకా, నటించమన్నందుకా? నటించమన్నందుకే అయితే అతను చెప్పేదీ నేను చెప్పేదీ ఒకటే, ఆ ఒక్క షరతు తీసేయించి అందరూ వెళ్ళండి. అప్పటికీ రానంటే ఈ పెళ్ళి వదులుకోండి. మాఘమాసంలో ఇంకో పెళ్ళి వస్తుంది, ఆంప్ అప్పుడు కొనుక్కోవచ్చు.